కుక్కపిల్లలకి వీకెండ్ టెస్ట్

కుక్కపిల్లలకి కూడా ర్యాంకులున్న రోజుల మాట ఇది. మరీ పాత రోజులేం కావు లెండి. నాకు ఉద్యోగం కొత్త, విజయవాడ కొత్త, జుట్టు మాత్రం ఇప్పటికంటే ఒత్తుగా ఉండేది. అప్పట్లో బందరు రోడ్డు పక్క సందుల్లో ఏ కాలేజీ కిటికీలోంచి చెయ్యి చాపినా పక్క కాలేజీ గోడ తగిలేది. ఆ గోడల మధ్యకి ఎండా వానా రావు గానీ ర్యాంకులు మాత్రం వస్తాయని ప్రతీతి. పిల్లలు నిద్ర లేచింది మొదలు చదువుతూనే ఉండేవాళ్ళు. ఎప్పుడైనా ఒక పిల్ల చదవకుండా కనబడితే, ఎందుకు చదవట్లేదో అడగడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టేవాళ్ళు. అలా జీతం తీసుకుని అడిగేవాళ్ళలో నేనొకదాన్ని.

పేరుకి బోటనీ జూనియర్ లెక్చరర్ని. మొదటి ఏడాదంతా ప్రొబేషన్. ఏడాది చివర పర్మినెంట్ ఆర్డరు చేతికిస్తే సరే, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. పెట్టె సర్దుకుని వెళ్ళేది ఎక్కడికి? పామర్రుకి. అక్కడ మా నాన్నకి ఎరువులు, పురుగుమందుల కొట్టు. "ఉద్యోగం ఉంటే చేసుకో, లేకపోతే వచ్చి కొట్లో కూర్చో. నీ బోటనీ అంతా మన డబ్బాల మీదే రాసుంటుంది కదే" అనేవాడు నాన్న. అసలు ఆ కొట్టు వాసన పడకే కదండీ నేను ఎమ్మెస్సీ దాకా చదివింది! చిన్నప్పుడు బళ్ళో నేను పక్కన కూర్చుంటే పిల్లలు ముక్కు మూసుకుని "మందులమ్మ వచ్చిందిరోయ్" అనేవాళ్ళు. కాబట్టి ఆ ఏడాది నాకు పర్మినెంట్ ఆర్డరు తప్ప లోకంలో ఇంకేమీ కనబడేది కాదు. మా అమ్మయితే చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో ప్రతి వారం నా ఉద్యోగం గురించి ప్రార్థన చేయించేది.

మాది ఆడపిల్లల క్యాంపస్. కింద స్కూటర్లు, పైన నీళ్ళ ట్యాంకు, మధ్యలో చదువు. ఒకరోజు ఎవరో ఆఫీసరు తనిఖీకి వచ్చి, "ఆటస్థలం ఎక్కడండీ?" అని అడిగారు. మా డీన్ గారు ఏమాత్రం తొణక్కుండా స్కూటర్ల వైపు చూపించారు. ఈ డీన్ గారిని మేమంతా చాటుగా మైకు సార్ అనుకునేవాళ్ళం. ఎప్పుడూ చొక్కాకి చిన్న మైకు, నడుముకి స్పీకరు పెట్టె. ఎదురుగా ఒక్క మనిషే ఉన్నా మైకులోనే మాట్లాడేవారు. స్టాఫ్ రూములో ఆయన "ఆ టీ కప్పు ఇలా జరపండమ్మా" అంటే మూడో అంతస్తులో పిల్లలు ఉలిక్కిపడి పుస్తకాలు తెరిచేవాళ్ళు. ఆ మైకులోనే ఆఫీసరు గారికి, "మా పిల్లలు స్కూటర్ల మధ్య దాగుడుమూతలు ఆడతారండీ" అని చెప్పారు. ఆయన నమ్మలేదు. రోజుకో గంట పిల్లలు ఆడుకుని తీరాలని గట్టిగా చెప్పి వెళ్ళిపోయారు.

ఆడుకోవాలంటే స్థలం కావాలి. బందరు రోడ్డు పక్కన స్థలం దొరికితే ఎవరైనా ఇంకో కాలేజీ కడతారు గానీ ఆటలకి వదిలేస్తారా? అందుకని మేనేజ్‌మెంటు వారు బాగా ఆలోచించి, కంప్యూటర్లో ఆడే ఆట ఒకటి కొన్నారు. కుక్కపిల్లని పెంచే ఆట. దానికి ఇన్‌ఛార్జి ఎవరు? ఫిజిక్స్ వాళ్ళకి తీరిక లేదు, మాథ్స్ వాళ్ళని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. "అమ్మా, మీది బోటనీ. మొక్కలైనా కుక్కలైనా ఒకటే, ప్రాణమున్నవే గదా" అని మైకులో తీర్పు చెప్పి నాకు అప్పగించారు డీన్ గారు. (జువాలజీ మేడమ్ సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టింది. తెలివైన మనిషి.)

ఆట మాత్రం ముచ్చటగా ఉండేది. తెర మీద ఒక చిన్న తోట, కంచె, ఎర్ర బంతి, తిండి గిన్నె, బుల్లి గూడు. గూట్లోంచి కుక్కపిల్ల బయటికి వచ్చి మనల్ని చూసి తోక ఊపుతుంది. మౌసుతో వీపు నిమిరితే వెల్లకిలా పడుకుంటుంది. దానికి విద్యలు నేర్పచ్చు. కూర్చోమంటే కూర్చోవడం, బంతి తేవడం, దొర్లడం, చెయ్యి ఇవ్వడం. సరిగ్గా చేసినప్పుడల్లా బిస్కెట్ వేస్తే ఆ విద్య దానికి పట్టుబడుతుంది. పిల్లలు తలా ఒక కుక్కపిల్లని తీసుకుని పేర్లు పెట్టుకున్నారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక ఉయ్యూరు పిల్ల, పిడికెడంత ఉన్న తన కుక్కకి పులి అని పేరు పెట్టింది. "పులీ, దా, దా దా" అని అది పిలుస్తుంటే మిగతా పిల్లలంతా పడీపడీ నవ్వారు. అయిదు నిమిషాల్లో డీన్ గారు ల్యాబులో ప్రత్యక్షం.

"ఏంటమ్మా ఆ శబ్దం?"

"నవ్వులు సార్."

"అదే, ఎందుకని?"

"ఆడుకుంటున్నారు సార్."

"ఆడుకోమన్నాం గానీ నవ్వమన్నామా? పక్క క్యాంపస్ వాళ్ళు వింటే, వీళ్ళ సిలబస్ అయిపోయింది కాబోలనుకోరూ?" అంటూ ఆయన ఒక తెర దగ్గర వంగి చూశారు. "ఈ చుక్కలేంటి?"

"ఒక్కో విద్య వస్తే ఒక్కో స్టార్ వెలుగుతుంది సార్."

స్టార్ మాట దేవుడెరుగు, ముందు ఆయన మొహం వెలిగింది. "అంటే మార్కులు."

"మార్కులు కాదు సార్, ఊరికే సరదాకి..."

"ఊరికే ఎవరిస్తారమ్మా? స్టార్లు ఎక్కువొచ్చినవాళ్ళు ఫస్టు, తక్కువొచ్చినవాళ్ళు లాస్టు. అంతే గదా?"

ఆయన అన్న తీరుకి నేను కూడా అంతే కదా అనుకున్నాను. అనుకుని ఊరుకోక, తల కూడా ఊపాను.

ఆ వారం నుంచే కుక్కపిల్లలకి వీకెండ్ టెస్టులు మొదలయ్యాయి. బాగా చదివే కుక్కలు ఏ సెక్షన్, చదవనివి బీ సెక్షన్. దొర్లడంలో వెనకబడ్డవాటికి పొద్దున్నే స్పెషల్ క్లాసు. బంతి తేవడంలో షార్ట్‌కట్ పద్ధతులు. కూర్చోవడం మీద నేనే స్వయంగా మెటీరియల్ తయారుచేశాను. (కుక్క కూర్చోవడానికి ఏం మెటీరియల్ అని అడక్కండి. రాయాలనుకుంటే దేనికైనా రాయచ్చు.) ఫలితాలు ఆదివారం సాయంత్రానికల్లా తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజీలుగా వెళ్ళేవి. సోమవారం నాకు ఫోన్లు.

"మేడమ్ గారూ, కైకలూరు నుంచండీ. మా అమ్మాయి కుక్కకి ర్యాంకు తగ్గిందంటండీ?"

"అవునండీ. దొర్లడంలో పోయింది."

"అదేంటండీ! మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి, రోజంతా దొర్లడమే వాటి పని. మా పిల్లకి ఆ మాత్రం రాలేదా?"

"దొర్లాల్సింది మీ అమ్మాయి కాదండీ, కుక్క."

"ఏదైతే ఏముందండీ, ర్యాంకు మా అమ్మాయి పేరునే గదా వచ్చేది. కాస్త గట్టిగా చెప్పండి. కావాలంటే నాలుగు తగిలించండి."

తగిలించడానికి ఆటలో బటన్ లేదని చెబితే ఆయన చాలా నిరాశపడ్డాడు. ఇంకో తల్లి ఫోన్ చేసి, సెలవుల్లో కుక్కని ఇంటికి పంపితే ట్యూషన్ పెట్టిస్తానంది. బందరు రోడ్డు సర్కిల్ దగ్గర పెద్ద ఫ్లెక్సీ కూడా లేచింది. గుండ్రటి గళ్ళలో ఆడపిల్లల ఫోటోలు, ప్రతి ఫోటో పక్కన ఒక కుక్క, కింద ర్యాంకు. అన్నిటికంటే పైన, అందరికంటే పెద్దగా, మైకుతో డీన్ గారు. సిటీ బస్సు కిటికీలోంచి జనం ఆ ఫ్లెక్సీని చూసి పశువుల ఆసుపత్రి ఏదైనా తెరిచారేమో అనుకునేవాళ్ళు.

మొదట్లో నాక్కూడా నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో సరిగ్గా చెప్పగలను. డీన్ గారు నన్ను తన గదికి పిలిపించిన రోజున. "అమ్మా, ఏడాది చివర పేరెంట్స్ డేకి ఛైర్మన్ గారు వస్తున్నారు. నలభై కుక్కలూ ఒకేసారి వెనక్కాళ్ళ మీద లేచి ఆయనకి నమస్కారం పెట్టాలి. పెడితే అక్కడికక్కడే మీకు పర్మినెంట్ ఆర్డరు. పెట్టలేదనుకోండి..." అని ఆయన చొక్కా దగ్గరున్న మైకు ఆపేశారు. ఆయన మైకు ఆపగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆట తయారుచేసిన మహానుభావుడెవరో గానీ అందులో నమస్కారం పెట్టలేదు. కానీ కొత్త విద్యకి మనమే పేరు పెట్టి నేర్పుకునే వీలుంది. కుక్క వెనక్కాళ్ళ మీద లేచినప్పుడు ముందు కాళ్ళు కాస్త దగ్గరకి వస్తే బిస్కెట్. ఇంకాస్త దగ్గరకి వస్తే ఇంకో బిస్కెట్. అలా రోజుకో గంట సరిపోక రెండు గంటలు, తర్వాత స్నాక్స్ టైమ్ కూడా కలిపాం. బంతులు తోటలోంచి తీయించేశాను, ధ్యాస చెదురుతుందని. నా గొంతు కూడా మారిపోయింది. కళ్ళు మూసుకుని వింటే అచ్చం మైకు సార్ ఆడపిల్లగా పుట్టినట్టుండేది. ఒకరోజు ఉయ్యూరు పిల్ల తెర మీద పులి నమస్కారం మానేసి సీతాకోకచిలక వెంట పరిగెడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటమ్మా ఇది? సీతాకోకచిలక సిలబస్‌లో ఉందా?"

"లేదు మేడమ్."

"మరి?"

"సిలబస్‌లో లేదని దానికి తెలీదు మేడమ్" అంది ఆ పిల్ల, చాలా వినయంగా.

వేళాకోళమేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే చెబుతోంది. అయినా ఆ పిల్లని నిలబెట్టాను.

కొన్నాళ్ళకి కుక్కలు డల్లయిపోయాయి. ఆవలించేవి, వీపు తిప్పుకుని కూర్చునేవి, పిలిస్తే గూట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టేవి. తెర మూల ఎర్రటి గుండె బొమ్మ ఒకటి కొట్టుకుంటూ, కింద "నీ కుక్కపిల్లకి ఆడుకోవాలని ఉంది" అని వచ్చేది. డీన్ గారికి చూపించాను. "పరీక్షలయ్యాక ఆడుకోవచ్చని చెప్పండి" అన్నారు. చెప్పడానికి బటన్ లేదు సార్ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి ప్లాస్టర్ చుట్ట తెప్పించి, నలభై తెరల మీదా ఆ గుండె వచ్చే చోట ముక్క అంటించమన్నారు. అంటించాను. నిజం చెప్పొద్దూ, ఆ ముక్కలు పడ్డాక గది చాలా క్రమశిక్షణగా కనబడింది.

పామర్రులో మా అమ్మ ఊరుకుంటుందా? పిల్ల ఉద్యోగం కుక్కల చేతిలో ఉందని ప్రార్థన కూటంలో చెప్పేసింది. ఆడవాళ్ళంతా కన్నీళ్ళతో "ఆ నలభై మూగజీవాల కాళ్ళకి బలమియ్యి ప్రభువా" అని మొరపెట్టారట. దేవుడు విన్నట్టే ఉంది. ముందురోజు రిహార్సల్లో నలభై కుక్కలూ లేచి నమస్కారం పెట్టాయి. తోక ఊపలేదు, మొహాల్లో కళ లేదు. మా ఏ సెక్షన్ పిల్లలు గుడ్ మార్నింగ్ చెప్పేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నాయి. నాకు మాత్రం ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. డీన్ గారు, "రేపు పొద్దున్న లేవగానే ఇంకో నాలుగు సార్లు చేయించి కంప్యూటర్లు ఆపేయండమ్మా" అన్నారు. చేయించి ఆపేశాను.

పేరెంట్స్ డే రానే వచ్చింది. కంకిపాడు నుంచీ, ఉయ్యూరు నుంచీ, ఇంకా లంక గ్రామాల నుంచీ తల్లిదండ్రులు ఆటోలు కట్టించుకుని వచ్చారు. చేతుల్లో పచ్చడి సీసాలు, జంతికల డబ్బాలు. మా నాన్న కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పిల్ల పర్మినెంట్ అవడం చూడాలని ముందు వరసలో కూర్చున్నాడు. ల్యాబు కిటకిటలాడిపోయింది. మధ్యలో ఛైర్మన్ గారు, పట్టుశాలువాతో. డీన్ గారు మైకులో "భారతదేశంలోనే ప్రప్రథమంగా" అని మొదలుపెట్టి, "ఇప్పుడు మన శునక విద్యార్థులు" అని నాకు సైగ చేశారు. నలభై తెరలూ ఒక్కసారి వెలిగాయి.

నలభై తోటలు. నలభై కంచెలు. కుక్క మాత్రం ఒక్కటీ లేదు.

గూళ్ళు ఖాళీ. గిన్నెల్లో బిస్కెట్లు అలాగే ఉన్నాయి. డీన్ గారు "సిగ్నల్... సిగ్నల్ ప్రాబ్లమండీ" అన్నారు. వెనకనుంచి కైకలూరు గొంతు ఖంగున మోగింది. "సిగ్నల్ లేకపోతే తోట ఎలా వచ్చిందండీ? కుక్కలేవి?" ఛైర్మన్ గారు నా వైపు తిరిగారు. "ఏవమ్మా?"

నాన్న నేల చూపులు చూస్తున్నాడు. కళ్ళ ముందు కొట్టు, డబ్బాలు, ఆ వాసన. ఏం చెయ్యాలో తోచక దగ్గరున్న తెర మీది ప్లాస్టర్ ముక్క పీకాను. దాని కింద, "నీ కుక్కపిల్ల ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నువ్వు కూడా ఆడితే తిరిగి వస్తుంది" అని ఉంది. అది పైకే చదివేశాను. చదవకుండా ఉండాల్సింది. ఛైర్మన్ గారి శాలువా భుజం మీంచి జారింది.

"మేడమ్, నేను పిలవనా?" అంది ఉయ్యూరు పిల్ల.

డీన్ గారు వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఎలాగూ ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. "పిలువమ్మా" అన్నాను.

ఆ పిల్ల బంతిని మళ్ళీ తోటలోకి తెచ్చి కంచె దాకా విసిరింది. "పులీ, దా, దా దా" అంది. ఏమీ లేదు. ఇంకోసారి విసిరింది. కంచె అవతల రెండు చెవులు కనబడ్డాయి. ఆ తర్వాత ఒళ్ళంతా బురదతో పులి ఎగిరి లోపలికి దూకింది, బంతి మీద కాలేసి జారి, మూడు పల్టీలు కొట్టి గిన్నెలో పడింది. ఉయ్యూరు పిల్ల పకపకా నవ్వింది. ఇంక మిగతా పిల్లలు ఆగుతారా? నలభై బంతులు లేచాయి. "చిట్టీ, రావే", "ఒరే బుడుగ్గా, ఇటురా" అని ఒకటే కేకలు. కుక్కలు ఒక్కొక్కటీ వచ్చి పడుతున్నాయి. ఒకదానికీ నమస్కారం గుర్తు లేదు. ఒకటి బంతి అనుకుని తన తోకనే పట్టుకుంది. పిల్లలు బల్లలు చరుస్తూ, ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వుతున్నారు. ఒక తల్లి పైటకొంగు కళ్ళకి అద్దుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఇది మా అమ్మాయి నవ్వేనండీ. ఇంటర్లో చేరాక మళ్ళీ ఇవాళే వింటున్నా" అంది. ఆ కాసేపూ పర్మినెంట్ ఆర్డరు అనేదొకటుందని మరిచిపోయాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఛైర్మన్ గారు కుక్కల్ని చూడట్లేదు. తల్లిదండ్రుల మొహాల్ని చూస్తున్నారు. ఆయన వ్యాపారం చేసి పైకొచ్చిన మనిషి, ఏది ఎవరికి కావాలో కనిపెట్టడంలో దిట్ట. డీన్ గారి చొక్కా నుంచి మైకు ఊడదీసుకున్నారు. "మన కాలేజీలో చదువొక్కటే కాదండీ, నవ్వు కూడా నేర్పిస్తాం! వచ్చే సోమవారం నుంచి నవ్వు పీరియడ్. ఇన్‌ఛార్జి ఈ మేడమ్ గారే. ఈ క్షణం నుంచి ఈవిడ పర్మినెంట్!" చప్పట్లే చప్పట్లు. మైకు లేని డీన్ గారు నా చెవి దగ్గర వంగి ఏదో అంటున్నారు. ఆయన మామూలు గొంతు అంత సన్నగా ఉంటుందని అప్పుడే తెలిసింది. "వారానికో టెస్టు పెడదామమ్మా" అంటున్నారు.

మెట్ల దగ్గర నాన్న నా కోసం ఆగాడు. "పర్మినెంట్ అయిందంటగా. బోటనీకేనా?"

"కాదు నాన్నా. నవ్వుకి."

నాన్న "దానికి కూడా మాస్టార్లు కావాలంటే" అని ఇంకేదో అనబోయి, జంతికల డబ్బా చేతిలో పెట్టి బస్సుకి వెళ్ళిపోయాడు.

సోమవారం ల్యాబులోకి వెళ్ళేసరికి పిల్లలంతా నిటారుగా కూర్చుని ఉన్నారు. ఉయ్యూరు పిల్ల లేచి నిలబడి, "మేడమ్, ఇవాళ ఎంతసేపు నవ్వాలి?" అని అడిగింది. అప్పుడు నేనేం చేశాననుకుంటున్నారు? ఆర్డరు కాగితం విసిరికొట్టి పిల్లల్ని కృష్ణ ఒడ్డుకి ఆడుకోవడానికి తీసుకెళ్ళాననా? బోర్డు మీద తేదీ వేసి, "మొదట మెల్లగా మొదలుపెడదాం. ఊఁ, ఒకటి, రెండు" అన్నాను. నలభై మందీ ఒక్కసారిగా నవ్వి ఒక్కసారిగా ఆపేశారు. అందరికీ పదికి పది వేశాను. రెండేళ్ళపాటు నా సబ్జెక్టులో నూటికి నూరు శాతం ఫలితాలు.

ఆ తర్వాత అక్కడ మానేసి, ఇప్పుడు గుడివాడలో మామూలు కాలేజీలో మామూలు బోటనీ చెప్పుకుంటున్నాను. మొన్న విజయవాడ బస్టాండులో, ఉయ్యూరు బస్సు దగ్గర, చేతిలో హెల్మెట్టంత టిఫిన్ బ్యాగుతో ఒకమ్మాయి నన్ను చూసి ఆగిపోయింది. పులిని పెంచిన ఉయ్యూరు పిల్ల. బ్యాంకులో ఉద్యోగమట. "మేడమ్!" అని చక్కగా నవ్వింది. నాకు తెలియకుండానే లోపల ఆ నవ్వుకి పదికి ఎనిమిది వేసేశాను. వేశాక నా మీద నాకే అసహ్యమేసింది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"ఎన్ని వేశారు మేడమ్?" అంది.

చెప్పబోయేలోపే నవ్వొచ్చేసింది. ఆ పిల్లకీ వచ్చింది. ఇద్దరం బ్యాగులు కింద పెట్టేసి, ఊపిరాడక, జనం తిరిగి చూస్తున్నా ఆపుకోలేక నవ్వుతూ ఉంటే, ఆ పిల్ల ఎక్కాల్సిన ఉయ్యూరు బస్సు వెళ్ళిపోయింది.